ప్రశ్నలు – జవాబులు: ఇంకాస్త కలప కొడదామంటే లెక్క ఏమంటోంది?

పోయిన నెల ఇదే పేజీలో అమెరికా ప్రభుత్వం తన అడవుల్లోంచి కలప ఎక్కువ తీయాలని చూస్తోందనీ, ఇలాంటి నిర్ణయాలను ముందు కంప్యూటర్ మోడల్స్ మీద నడిపించి చూసే పద్ధతి ఒకటుందనీ నాలుగు ముక్కలు రాశాను. ఆ నాలుగు ముక్కలకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగానికి పైగా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే. సరుగుడు వేసినవాళ్లున్న చోట కర్ర మాటెత్తితే ఊరుకుంటారా మరి! అన్నిటికీ జవాబు చెప్పలేను కానీ కొన్ని మాత్రం వదిలిపెట్టలేకపోయాను.

మోడల్ అంటే ఏటి సార్? మావోడు కంప్యూటర్ చదువుతున్నాడు, అడిగితే "నీకు అర్థం కాదులే నాన్నా" అంటున్నాడు. – సరుగుడు రైతు, రణస్థలం మండలం

మీవాడి మాట పట్టించుకోకండి. మీకు అర్థం కాకపోతే ఆ మోడల్‌లోనే ఏదో తేడా ఉన్నట్టు.

మీ ఊరు మొత్తానికి 100 ఎకరాల సరుగుడు ఉందనుకుందాం. ఏటా 20 ఎకరాలు నాటుకుంటూ వచ్చారు కాబట్టి ఏడాది మొక్క 20 ఎకరాలు, రెండేళ్లది 20, అలా ఐదేళ్ల కర్ర దాకా ఉంది. ఐదేళ్ల కర్ర ఎకరాకి 40 టన్నులు, నాలుగేళ్లది 25, మూడేళ్లది 12 అనుకోండి. ఇవి లెక్క కోసం నేను పెట్టుకున్న అంకెలే, మీ నేలలో ఎంత వస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఏటా ఐదేళ్ల కర్ర 20 ఎకరాలు కొడితే 800 టన్నులు, కొట్టిన చోట మళ్లీ నాట్లు. ఇలా ఎన్నేళ్లయినా నడుస్తుంది.

ఇప్పుడు పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది: దిగుబడి 25 శాతం పెంచాలి, అంటే 1000 టన్నులు. మొదటి ఏడు ఇబ్బందేమీ ఉండదు. ఐదేళ్లది 20 ఎకరాలూ కొట్టి, నాలుగేళ్ల దాంట్లో ఇంకో 8 ఎకరాలు కొడితే 800, 200 కలిపి సరిగ్గా 1000. అందరూ చప్పట్లు కొడతారు. రెండో ఏడు చూడండి. పోయినేడు మిగిలిన 12 ఎకరాలు ఐదేళ్లవయ్యాయి, వాటి నుంచి 480. తర్వాత వరసలో ఉన్న 20 ఎకరాలు నాలుగేళ్లవయ్యాయి, మొత్తం ఊడ్చేస్తే 500. కలిపితే 980, పోనీలే దగ్గరికొచ్చాం అనుకుంటారు. మూడో ఏడు తోపులోకి వెళితే ఐదేళ్ల కర్ర ఒక్కటీ ఉండదు. నాలుగేళ్లది 20 ఎకరాలు, 500 టన్నులు, అంతే. పెంచడం మాట దేవుడెరుగు, పాత 800 కూడా రావు. అప్పుడేం చేస్తారు? చేవ ఎక్కని మూడేళ్ల కర్ర మీద పడతారు, అక్కడితో తోపు గాడి తప్పుతుంది.

ఇదే మోడల్. ఇంతకంటే మాయేం లేదు. వంద ఎకరాల బదులు కోట్ల ఎకరాలు, ఒక జాతి బదులు ముప్ఫై, ఐదేళ్ల బదులు ఎనభై ఏళ్లు పెట్టేసరికి కాగితం చాలదు కాబట్టి కంప్యూటర్ కావాల్సి వచ్చింది. అమెరికాలో 1976లో జాతీయ అడవుల నిర్వహణకి ఒక చట్టం వచ్చాక ప్రతి అడవికీ ప్రణాళిక రాయాల్సి వచ్చింది, దానికోసం ఫోర్‌ప్లాన్ అనే మోడల్ వాడారు. అందులో పెట్టిన ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఈ పదేళ్లలో తీసినదానికంటే వచ్చే పదేళ్లలో తగ్గకూడదు. పైన మీ తోపులో తప్పింది సరిగ్గా ఆ షరతే.

విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. అడవిలో ఏటా ఎంత కొట్టొచ్చో చెప్పే సూత్రం ఏదో ఉందట కదా. అంత సింపుల్ అయితే మోడల్స్ ఎందుకు?

ఉందమ్మా. ఫాన్ మాంటెల్ సూత్రం అంటారు. నిలబడి ఉన్న మొత్తం కలపని, చెట్టు కోతకొచ్చే వయసులో సగంతో భాగిస్తే ఏడాది కోత వస్తుంది. పైన రణస్థలం తోపు మీదే వేసి చూద్దాం. రెండేళ్ల కర్ర 4 టన్నులు, ఏడాది మొక్క 1 టన్ను అనుకుంటే మొత్తం నిల్వ 1640 టన్నులు. రెండున్నరతో భాగిస్తే 656. కానీ ఆ తోపు ఏటా 800 ఇస్తోందని ఇందాకే చూశాం. సూత్రం చెట్టు ఏటా ఒకేలా లావెక్కుతుందని అనుకుంటుంది, సరుగుడేమో ఆఖరి రెండేళ్లలోనే బరువు కడుతుంది. తేడా అక్కడొచ్చింది. కొలవడానికి ఇంకేమీ చేతిలో లేనప్పుడు పనికొచ్చే సూత్రం అది.

అమెరికా 25 శాతం పెంచుతానంటే దేశంలో కలప 25 శాతం పెరిగినట్టేనా? – శ్రీకాకుళం టౌన్ నుంచి ఒక టీచర్

ఈ నెల ఉత్తరాలన్నిట్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి మాస్టారూ.

ముందు సంగతి. 2025 మార్చి 1న అక్కడి అధ్యక్షుడు కలప ఉత్పత్తి వెంటనే పెంచాలని ఉత్తర్వు ఇచ్చాడు. తర్వాత వాళ్ల ఫారెస్ట్ సర్వీస్ జాతీయ అడవుల నుంచి అమ్మే కలపని నాలుగైదేళ్లలో 25 శాతం పెంచుతామంది, కోతకి అనుమతులు త్వరగా వచ్చేలా 11 కోట్ల ఎకరాలకు పైగా అటవీ భూమిని అత్యవసర పరిస్థితి కింద పెట్టారు. వినడానికి భారీగా ఉంది. కానీ అక్కడ కోతకొచ్చే కలపలో చాలా పెద్ద వాటా ప్రైవేటు భూములది. జాతీయ అడవుల వాటా చిన్నది. 1980ల ఆఖర్లో అవి ఏడాదికి దాదాపు 1200 కోట్ల బోర్డు అడుగులు ఇచ్చేవి, ఇప్పుడు 300 కోట్ల దగ్గర ఆడుతున్నాయి. (బోర్డు అడుగంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క, అంటే మన అడితిలో లెక్కకట్టే ఘనపుటడుగులో పన్నెండో వంతు.) చిన్న వాటాని 25 శాతం పెంచితే మొత్తం మీద ఎంత పెరుగుతుందో మీ క్లాసులో ఏడో తరగతి పిల్లాడు చెబుతాడు.

అసలు మెలిక వేరే ఉంది. ప్రభుత్వం ఎక్కువ కలప మార్కెట్‌లోకి వదిలితే రేటు కాస్త దిగుతుంది. రేటు దిగితే సొంత తోపున్నవాడు ఏం చేస్తాడు? "ఈ ఏడు వద్దులే, ఉంచుదాం" అంటాడు, చెట్టు నిలబడి ఉంటే వడ్డీలా పెరుగుతూనే ఉంటుంది కదా. ఒక చేత్తో పెంచింది ఇంకో చేత్తో తగ్గిపోతుంది. దీనికి ఉల్టా ఒకసారి నిజంగానే జరిగింది. 1990లో అమెరికా పడమటి అడవుల్లో ఉండే ఒక రకం మచ్చల గుడ్లగూబని రక్షణ జాబితాలో చేర్చారు, 1994లో అక్కడి అడవులకి కొత్త ప్లాన్ వచ్చింది, ప్రభుత్వ అడవుల్లో కోత బాగా పడిపోయింది. మరి ఆ లోటు ఎవరు పూడ్చారు? వేర్, మర్రే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో మోడల్ కట్టి చూస్తే, తగ్గిన ప్రతి 100 పాళ్ల కలపకీ ఆ పడమటి ప్రాంతంలోనే ప్రైవేటు వాళ్లు 43 పెంచారు, దేశం మొత్తం చూస్తే 58, కెనడాని కూడా కలుపుకుంటే 84. అంటే గుడ్లగూబ కోసం ఆపిన కోతలో చాలాభాగం పక్కవాడి అడవికి జారిపోయింది. ఇప్పుడు పెంచుతామనే నిర్ణయాన్ని కూడా ఇదే అద్దంలో చూడాలన్నది నా అభిప్రాయం. అంకెలు అచ్చం అవే రావాలని లేదు, జారడం మాత్రం తప్పదు.

ఇంకోటి, దుంగలు ఉంటే సరిపోదు, కోసే మిల్లు ఉండాలి. అక్కడ కోత తగ్గిన కాలంలో మూతపడ్డ మిల్లులు చాలా ఉన్నాయి. దుంగ పెద్దదీ బరువుదీ, లారీలో ఎంత దూరమని మోస్తారు? మంచి మోడల్ ఎవరైనా కట్టారో లేదో తెలుసుకోవాలంటే నేను ముందు చూసేది ఇదే, అందులో మిల్లులు ఉన్నాయా లేదా అని. చెట్లు మాత్రమే ఉంటే అది చెట్ల లెక్క అవుతుంది, విధానానికి పరీక్ష అవదు.

మన దేశం సంగతేంటి? మన అడవులు కొట్టుకోవచ్చు కదా, కలప దిగుమతి ఎందుకు? – రాజాం

మన దారి 1988లోనే మారింది. ఆ ఏటి జాతీయ అటవీ విధానం అడవిని పరిశ్రమలకి ముడిసరుకు గోదాముగా చూడటం మానేసి, కర్ర కావాల్సిన ఫ్యాక్టరీలు రైతుల దగ్గర పెంచించుకోండి అంది. 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో, కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ (ఏ ఏడు ఎక్కడ ఎంత కొట్టాలో రాసుకునే ప్రణాళిక) లేకుండా అడవిలో కోత ఆగిపోయింది. అందుకే మన దగ్గర "కలప పెంచుదాం" అంటే అర్థం పొలం గట్టు మీద, దిబ్బ నేలలో, జీడితోట పక్కన పెంచుదాం అని. అటవీ సర్వే సంస్థ 2023 నివేదిక ప్రకారం అడవి బయటి చెట్ల నుంచి ఏడాదికి 9.15 కోట్ల ఘనపు మీటర్ల కలప రాగల అవకాశం ఉంది. "రాగల" అన్న మాట కింద గీత గీసుకోండి. అమ్మితే లాభం ఉంటేనే ఎవరైనా కొడతారు. సొంత పొలంలో చెట్టు కొట్టుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని తగ్గించాలని 2025 జూన్‌లో కేంద్రం నమూనా నిబంధనలు కూడా పంపింది.

సరుగుడుకి రేటు బాగుందని వేశాం, కోతకొచ్చేసరికి పడిపోయింది. ఇది ఏ మోడలూ ముందే చెప్పదా? – పూసపాటిరేగ

చెబుతుంది బాబూ, 1934 నుంచీ చెబుతోంది! కాల్డోర్ అనే ఆర్థికవేత్త దానికి సాలెగూడు అని పేరు పెట్టాడు. ఈ ఏడు రేటు చూసి అందరూ నాటుతారు, సరుకొచ్చేది నాలుగైదేళ్లకి, అందరిదీ ఒకేసారి వస్తుంది, రేటు కూలుతుంది. విసుగొచ్చి వేళ్లు పీకేసి మొక్కజొన్న వేస్తారు, నాలుగేళ్లకి కర్ర దొరకదు, రేటు మళ్లీ ఎగురుతుంది. గీత గీస్తే అచ్చం సాలెగూడే. ఉచితంగా మొక్కలు పంచే పథకాన్ని ఇలాంటి మోడల్ మీద నడిపితే మొదట తేలేది, అన్నీ ఒకే ఏడు పంచొద్దని. కానీ బడ్జెట్ ఒకే ఏడు వస్తుంది, మార్చిలోపు ఖర్చు పెట్టాలి, అక్కడొస్తుంది చిక్కు.

తూకం గురించి కూడా ఒక మాట. చిన్నప్పుడు మా మేనమామ తోపు కొట్టినప్పుడు చూశాను. తొక్క తీసిన కర్ర గట్టు మీద పేర్చి ఉంది, రేపు వస్తానన్న లారీ నాలుగో రోజున వచ్చింది, ఈలోపు మే నెల ఎండకి కర్రల చివర్లు బీటలు తీశాయి. కాటా మీద అంకె చూసి మా మామ నోట మాట రాలేదు. కర్ర అంతే ఉంది, నీళ్లు పోయాయి. అప్పటినుంచీ ఎవరైనా ఇన్ని టన్నుల దిగుబడి అంటే, పచ్చి టన్నా ఎండు టన్నా, తొక్కతోనా తీసా అని అడగకుండా ఉండలేను. రెండు రిపోర్టుల్లో అంకెలు కలవకపోతే చాలాసార్లు గొడవ ఇక్కడే ఉంటుంది.

ఐదో ఏట కొట్టాలా, ఆరో ఏట కొట్టాలా? – అదే ఊరు, ఇంకో రైతు

ఆరో ఏట కర్ర 40 నుంచి 48 టన్నులు అవుతుందనుకుందాం. 20 శాతం పెరుగుదల. నూటికి రెండు వడ్డీకి తెచ్చినవాడికి ఏడాదికి 24 శాతం, ఆగడం దండగ. 12 శాతం బ్యాంకు అప్పయితే ఆగొచ్చు అనిపిస్తుంది. కానీ 1849లో ఫౌస్ట్‌మన్ అనే జర్మన్ అటవీ అధికారి ఒక సంగతి పట్టుకున్నాడు: చెట్టు నిలబడి ఉన్నంతకాలం తర్వాతి పంట కూడా ఆగిపోతుంది, ఆ నేలకీ అద్దె కట్టాలి. అలా లెక్కేస్తే 12 శాతానికి కూడా ఐదో ఏడే మేలు. నాటే ఖర్చు పక్కనపెట్టి చూస్తే, వడ్డీ నెలకి నూటికి నాలుగు దాటినవాడికి నాలుగో ఏడే కొట్టేయడం లాభమని వస్తుంది! అందుకే నన్నడిగితే కలప పెంచే విధానాల్లో మొక్కల సబ్సిడీ కంటే ముందు అప్పు వడ్డీని మోడల్‌లో తిప్పి చూడాలి. లేత కర్ర కొట్టేసేది ఎక్కువగా అప్పు ఒత్తిడితోనే.

ఉద్దానంలో తిత్లీకి కొబ్బరీ జీడీ అన్నీ పడిపోయాయి. మీ మోడల్స్‌లో తుఫాను ఉంటుందా? – కవిటి

ఈ ఉత్తరం చదివి కాసేపు కలం పక్కన పెట్టాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటింది. అంతకు నాలుగేళ్ల ముందు అదే నెల 12న హుద్‌హుద్, ఇంకో ఏడాది వెనక్కి వెళితే 2013లో అదే తేదీకి ఫైలిన్. అక్టోబరంటే మన తీరంలో ఎవరికీ నిద్ర పట్టదు. సగటు దిగుబడి పెట్టి నడిపిన మోడల్‌కి ఇవేమీ తెలియవు, దానికి ప్రతి ఏడూ మంచి ఏడే.

పద్ధతి ఉంది. ఒకే విధానాన్ని వెయ్యిసార్లు నడుపుతారు, ప్రతిసారీ తుఫాను ఏ ఏడు వస్తుందో పాచికలేసినట్టు మారుస్తారు, వెయ్యిలో ఎన్నిసార్లు రైతు మునిగాడో చూస్తారు. కలప మార్కెట్ మీద తుఫాను ప్రభావానికి బాగా పరిశీలించిన ఉదాహరణ 1989లో అమెరికాలోని సౌత్ కరోలినాని కొట్టిన హ్యూగో. పడిన చెట్లు కుళ్లక ముందే అమ్మాలని అందరూ ఎగబడేసరికి రేటు పడిపోయింది. ఆ సరుకు అయిపోయాక, నిలబడ్డ చెట్లు తక్కువైపోయి, మిగిలినవాటికి రేటు పెరిగింది. అంటే పడినవాడు నష్టపోయాడు, పడనివాడు బాగుపడ్డాడు, సగటు మాత్రం అంతా మామూలే అంటుంది. పడిన చెట్టు తీయించడానికి కూలి మీరే చేతినుంచి పెట్టుకున్నామని రాశారు. ఆ ఖర్చుకి కూడా మోడల్‌లో ఒక వరస ఉండాలి, చాలావాటిలో ఉండదు.

మేం వీణలు చేస్తాం. మంచి పనస దుంగ కోసం ఎన్నో ఊళ్లు తిరగాలి. దేశంలో కలప పెరిగితే మాకు దొరుకుతుందా? – బొబ్బిలి మండలం

దొరకదని చెప్పడానికి బాధగానే ఉంది. మీకు కావాల్సింది ఒకే దుంగలోంచి ఏకంగా చెక్కగలిగినంత లావున్న ముదురు పనస. దేశం లెక్క టన్నుల్లో, ఘనపు మీటర్లలో ఉంటుంది, అందులో కాగితం గుజ్జుకెళ్లే సరుగుడూ మీ పనసా ఒకటే గడిలో పడతాయి. పైగా కోత వయసు తగ్గించే ఏ విధానమైనా ముదురు చెట్టుకి శత్రువే. పెరట్లో పనస కొట్టేవాళ్లు ముందు మీకు కబురు పెట్టేలా చుట్టుపక్కల పంచాయతీల్లో ఒక ఏర్పాటు చేసుకోవడం నాకు తోచిన దారి.

కొండల మీద అడవి కొట్టించి మళ్లీ టేకు వేస్తే ఆదాయం కదా? – పాలకొండ (ఇప్పుడు మన్యం జిల్లాలోకి వెళ్లినా మాకు శ్రీకాకుళమే అలవాటు)

ఆదాయం ఎవరికి, ఏ ఏడు? టేకుకి దశాబ్దాలు పడుతుంది. ఈలోపు ఆ కొండ మీద అడ్డాకులు, చింతపండు, కొండచీపుర్లు ఏరుకుని సంతలో అమ్ముకునేవాళ్లు ప్రతి ఏడూ తింటున్నారు, వాళ్లకి 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కులూ ఉన్నాయి. ఆ మోడల్‌కి "కలప ఎక్కువ తెచ్చేది వెతుకు" అని చెబితే అదే వెతుకుతుంది, చింతచెట్టు దానికి అడ్డంగా కనిపిస్తుంది. నేనైతే వద్దంటాను.

నేను రణస్థలం ఉత్తరం రాసినాయన కొడుకుని. నాన్న మీకు రాశారని ఇప్పుడే తెలిసింది. ఆ వంద ఎకరాల లెక్క ఎక్సెల్‌లో చేయొచ్చా?

తప్పకుండా! వయసుకి ఒక నిలువు గడి, ఏడాదికి ఒక అడ్డం వరస, కొట్టిన ఎకరాలు తర్వాతి ఏడు మొదటి గడిలోకి రావాలి, ఒక పూటలో అయిపోతుంది. తర్వాత 25 శాతం బదులు 5 శాతం పెట్టి ఎన్నేళ్లు నిలబడుతుందో చూడు. ఆపైన మీ ఊళ్లో ఎవరి తోపు ఏ ఏడు వేశారో తిరిగి రాసుకుని నా 20, 20 తీసేసి అవి పెట్టు, ఎవరూ సమానంగా నాటి ఉండరు. దిగుబడి అంకెలు మాత్రం మీ నాన్నని కూర్చోబెట్టి అడుగు తమ్ముడూ, మూడేళ్ల కర్ర మీ ఇసుక నేలలో ఎకరాకి 12 టన్నులా తొమ్మిదా అన్నది ఆయనకే తెలుస్తుంది.